నొప్పులు ఇంట్లో, కాన్పు ఆసుపత్రిలో: ఎప్పుడు బయల్దేరాలి, దారి దొరక్కపోతే ఏం చేయాలి

ఇంట్లోనే కంటామనేవాళ్ళకు ఎక్కువగా ఉండేది కత్తి భయం. ఆ భయం ఊరికే వచ్చిందీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 21.5. ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునేవాళ్ళూ అందులోనే ఉన్నారు, అది వేరే గొడవ. కోత తప్పించుకోవాలంటే సరైన ఆసుపత్రి చూసుకోవాలి, అక్కడికి మరీ ముందుగా పోకూడదు. రెండూ మన చేతిలోనే ఉన్నాయి.

యూకేలో ఉన్న బంధువులు "ఇక్కడ ఇంట్లోనే కంటారు" అంటుంటారు. నిజమే. ఇంగ్లండ్‌లో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఏ ఇబ్బందీ లేని గర్భిణుల్లో మలికాన్పు ఇంట్లో అయినా బిడ్డకు అదనపు ముప్పు కనిపించలేదు. తొలికాన్పు సంగతి వేరు. బిడ్డకు తీవ్రమైన ఇబ్బంది ఎదురైంది ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో 9.3. ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. పైగా అక్కడ ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది) సంచిలో రక్తం ఆపే ఇంజెక్షను, బిడ్డకు ఊపిరి అందించే బ్యాగు, మాస్కు ఉంటాయి. మన మంత్రసాని హస్తవాసి ఎంత మంచిదైనా ఆ సంచి లేదు.

ఆ ఇంజెక్షను ఎందుకంత ముఖ్యం? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైనే రక్తం వెళ్తుంది. మాయ ఊడాక గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటేనే ఆ రక్తనాళాలు మూసుకుంటాయి. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ తొడకు ఇస్తారు. ఇదే మందును కొందరు ఆర్‌ఎంపీలు బిడ్డ పుట్టకముందే, నొప్పులు పెరగడానికని ఇంట్లో పొడుస్తారు. దాంతో గర్భసంచి చిరగొచ్చు, లోపల బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఎనిమిదో నెల దాటకముందే ఆసుపత్రి ఖాయం చేసుకోండి. ఏసీ గదులు చూడొద్దు, ఇవి అడగండి: అర్ధరాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఉంటారా? రక్తం ఎక్కణ్నించి తెస్తారు, ఎంతసేపట్లో? పోయిన నెల తొలికాన్పుల్లో ఎన్ని ఆపరేషన్లయ్యాయి? లేబర్ రూంలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారా? నొప్పుల్లో నడవనిస్తారా? కింద కోసి కుట్లు అందరికీ వేస్తారా, అవసరమైతేనేనా? ఈ ప్రశ్నలకు విసుక్కునేచోట కాన్పు పెట్టుకోకపోవడమే మంచిది. ముందు కాన్పు ఆపరేషనైనా, బీపీ 140/90 చేరినా, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, కవలలున్నా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, మాయ కిందికున్నా పీహెచ్‌సీ సరిపోదు. రక్తం, ఆపరేషను రెండూ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

ఇక ఇంటి వంతు. తొలికాన్పులో నొప్పులు మొదలవగానే పరుగెత్తితే మంచమ్మీద పడుకోబెడతారు, గంటలు గడిచేకొద్దీ "ఇంకా తెరుచుకోలేదు" అని మందులు మొదలవుతాయి. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి మరో నొప్పి మొదలయ్యేదాకా ఎంతసేపో కాగితమ్మీద రాయండి. అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు తప్పకుండా వస్తుంటే బయల్దేరండి. వేడినీళ్ళ స్నానం చేస్తే తగ్గిపోయేవి దొంగనొప్పులు. మలికాన్పైతే పది నిమిషాలకొకటి వచ్చేసరికే లేవాలి. ఆసుపత్రి గంట దూరంలో ఉంటే ఇంకా ముందే. అప్పటిదాకా నడవండి, గంజో మజ్జిగో తాగండి, రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్ళండి. నిండిన మూత్రాశయం బిడ్డ తలకు అడ్డం.

ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే వెళ్ళాల్సినవి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగా ఉంటే మరీ), రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, తలనొప్పితో చూపు మసకబారడం, ఫిట్స్, 37 వారాలు నిండకుండానే నొప్పులు. 108 రావడానికే గంట పట్టే ఏజెన్సీ గూడేలవాళ్ళు తేదీకి వారం పది రోజుల ముందే కిందికి దిగి, గర్భిణుల వసతి గృహం ఉంటే అందులోనో, చుట్టాలింట్లోనో ఉండాలి.

ఇంత చేసినా ఒక్కోసారి బండి రాకముందే తల కనిపిస్తుంది. అప్పుడు కదిలించొద్దు. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఫ్యాను ఆపి, గాజులు, ఉంగరాలు తీసి, చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కోండి. తల్లిని ఉతికిన దుప్పటి మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కడుపు మీద నొక్కొద్దు. తల వస్తున్నప్పుడు ముక్కడం ఆపి, నోటితో గబగబా ఊపిరి వదలమనండి. మీ అరచెయ్యి తలకు మెత్తగా ఆనించి ఉంచితే చాలు, లాగొద్దు. మెడకు బొడ్డుతాడు వదులుగా చుట్టుకుని ఉంటే తలమీదుగా తప్పించండి. తర్వాతి నొప్పికి భుజాలు వాటంతటవే వస్తాయి.

బిడ్డను పొడిబట్టతో గట్టిగా తుడిచి, ఆ తడిబట్ట పక్కన పడేసి, తల్లి ఒంటికి ఆనించి రొమ్ముమీద బోర్లా పడుకోబెట్టి ఇద్దరికీ దుప్పటి కప్పండి. ఏడవకపోతే వీపు రుద్దండి, అరికాళ్ళు తట్టండి. తలకిందులుగా పట్టుకుని కొట్టొద్దు. అప్పటికీ ఊపిరి తీయకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, బుగ్గల్లో పట్టే గాలి మాత్రమే ఊదండి. ఛాతీ పైకి లేవాలి.

బొడ్డుతాడు కోయొద్దు. బండి వచ్చేదాకా అలాగే ఉంటే బిడ్డకు నష్టం లేదు. కొడవలితోనో వంటింటి కత్తితోనో కోస్తే ధనుర్వాతం భయం. బొడ్డు మీద పసుపు, బూడిద, పేడ ఏదీ పెట్టొద్దు. మాయ అరగంటలోపు దానంతటదే పడుతుంది, తాడు పట్టి లాగితే రక్తం ఆగదు. పడ్డాక కవర్లో పెట్టి బిడ్డ పక్కనే ఉంచి తీసుకెళ్ళండి. అందులో ముక్క లోపల మిగిలిందేమో ఆసుపత్రిలో చూస్తారు. బొడ్డు దగ్గర కడుపు తడిమితే గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గుండ్రంగా రుద్దండి, బిడ్డకు పాలు పట్టించండి. అయిదు నిమిషాల్లో ఒక ప్యాడు తడిసిపోతుంటే 108 కోసం చూడకుండా దొరికిన బండెక్కించండి.

అంతా బాగుందనిపించినా ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విటమిన్ కె ఇంజెక్షను, 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి టీకా అక్కడే పడతాయి. తల్లిది నెగెటివ్ గ్రూపయి, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి అనే ఇంజెక్షను కావాలి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించండి. ఇంట్లో పుడితే ఆ ఇంటి పెద్ద చెప్పాలి. కదిలే బండిలో పుడితే, బండి మొదట ఆగిన చోటే నమోదు.