క్లాస్ 37 మోడల్‌కి మురికి పట్టించడం ఎలా

ఓఓ స్కేల్ (1:76 సైజు) క్లాస్ 37, అంటే బ్రిటిష్ రైల్ డీజిల్ ఇంజన్ మోడల్, కొన్నాక దాన్ని నిజం ఇంజన్‌లా మురికిగా చేయడానికి అందరూ ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే పరికరం) గురించే అడుగుతారు గానీ నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది సంవత్సరం. మీ ఇంజన్ ఏ ఏడాదిది, ఏ షెడ్‌ది (ఇంజన్లు ఉండే డిపో) అని ఫిక్స్ అయితే మిగతా సగం నిర్ణయాలు వాటంతట అవే అయిపోతాయి, లేకపోతే 1966 నాటి ఆకుపచ్చ బాడీ మీద 1985 నాటి తుప్పు వేసి కూర్చుంటారు.

ఎందుకంటే ఈ ఇంజన్లు చాలా కాలం తిరిగాయి, తిరిగినన్నాళ్లూ మారుతూనే ఉన్నాయి. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960 నుంచి 1965 దాకా మొత్తం 309 కట్టింది, 1750 హార్స్‌పవర్, ఆ ఇంజన్ చప్పుడు విని అభిమానులు ముద్దుగా ట్రాక్టర్ అని పిలుస్తారు. మొదటి 119 ఇంజన్లకి ముక్కు మీద మధ్యలో తలుపులు, వాటికి చెరో పక్క చిన్న హెడ్‌కోడ్ (ఏ రైలో చెప్పే కోడ్) పెట్టె ఉంటాయి, తర్వాత వాటికి మధ్యలో ఒకటే పెద్ద పెట్టె. 1976 మొదట్లో హెడ్‌కోడ్‌లు చూపించడం ఆపేశారు కాబట్టి అంతకుముందు కాలం మోడల్ అయితే అంకెలు, అక్షరం కలిపి నాలుగు గుర్తుల కోడ్ ఉండాలి, ఆ వెంటనే అయితే నాలుగు సున్నాలు, ఇంకా తర్వాతయితే నల్ల పలక మీద రెండు తెల్ల చుక్కలు. నంబర్ కూడా అంతే, డి6700 లాంటివి పాతవి, 37తో మొదలయ్యేవి 1970ల్లో కంప్యూటర్ నంబర్లు వచ్చాకే.

నా ఓటయితే స్కాట్లండ్ వెస్ట్ హైలాండ్ లైన్‌లో తిరిగిన 37/4లకి. 1985, 86ల్లో 31 ఇంజన్లకి కోచ్‌లకి కరెంటు హీటింగ్ ఇచ్చే ఏర్పాటు పెట్టారు, అవే 37/4లు, వాటిలో గ్లాస్గో ఈస్ట్‌ఫీల్డ్ షెడ్ వాటి మీద చిన్న టెర్రియర్ కుక్క బొమ్మ ఉండేది. నీలం బాడీ, పసుపు క్యాబ్, పక్కన పెద్ద డబుల్ యారో (బ్రిటిష్ రైల్ రెండు బాణాల గుర్తు)... మురికి పడితే అందం రెట్టింపయ్యే రంగులు ఇవి.

మీకు కావాల్సిన నంబర్ ఇంజన్ ఫోటోలు, అదే ఏడాదివి, రెండు పక్కలా దొరికినన్ని చూడండి. నంబర్ మార్చాలంటే ఫ్యాక్టరీ ప్రింట్‌ని ఎనామెల్ థిన్నర్ తడిపిన పుల్లతో మెల్లగా రుద్దండి, కింద రంగు లేచేలా ఉంటే వెంటనే ఆపేయండి. అక్కడ గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత వేసి ఆరాకే కొత్త నంబర్లు అంటించాలి, గరుకు మీద అంటిస్తే చుట్టూ వెండి మెరుపులా గాలి కనపడుతుంది. పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేసి ఒక రాత్రి వదిలేయండి.

బాడీ విప్పితే పని సులువు, కాకపోతే క్యాబ్ లైట్ల వైర్లు పైకి వెళ్తుంటాయి కాబట్టి ఒక్కసారిగా లాగొద్దు. అద్దాలకి మాస్కింగ్ టేప్ వేయండి.

ఇప్పుడు అసలు పని. ముదురు గోధుమ, నలుపు ఎనామెల్ రంగులు కలిపి వైట్ స్పిరిట్‌తో (ఎనామెల్‌ని పల్చన చేసే ద్రవం) టీ డికాక్షన్ అంత పల్చగా చేసి ఒక పక్క మొత్తం పూయండి, పది పదిహేను నిమిషాలు ఆగి, వైట్ స్పిరిట్‌లో తడిపి బాగా తుడిచేసిన చదును బ్రష్‌తో పైనుంచి కిందకి మాత్రమే లాగండి. అడ్డంగా లాగితే అయిపోయింది, వాన నీళ్లు ఎప్పుడూ అడ్డంగా కారవు కదా. నిజం ఇంజన్‌ని వాషింగ్ ప్లాంట్‌లోకి పంపితే చదునుగా ఉన్న చోటల్లా బ్రష్‌లు తుడిచేస్తాయి, గ్రిల్స్ లోపల, తలుపుల అంచుల్లో, రివెట్ల చుట్టూ మాత్రం మిగిలిపోతుంది, మీరూ సరిగ్గా అక్కడే వదిలేయండి. ఇది ఒక్కటి కుదిరితే మిగతాదంతా బోనస్. అన్నట్టు, మొదట బాడీ మీద కనపడని చిన్న చోట టెస్ట్ చేయండి, కొన్ని ఫ్యాక్టరీ రంగులు వైట్ స్పిరిట్‌కి ఆగవు.

పైకప్పు వేరే కథ. అక్కడ పొగ మసి, కాబట్టి గోధుమ కాదు, నలుపు బూడిద, పొగ బయటికొచ్చే చోట చిక్కగా, చివర్ల వైపు పల్చగా. మెటాలిక్ గన్‌మెటల్ (లోహపు మెరుపున్న ముదురు బూడిద రంగు) కొద్దిగా కలిపితే నూనె పట్టిన మెరుపు వస్తుంది. రంగుకి బదులు మురికి రంగు పౌడర్ వాడేవాళ్లు గుర్తుంచుకోండి, పైన వార్నిష్ కొడితే సగం మాయమవుతుంది, అందుకే కాస్త ఎక్కువే వేయాలి.

కింద బోగీలకి (పెట్టెలు కాదు, ఇంజన్ కింద చక్రాలుండే చట్రాలు) బ్రేక్ ధూళి. పోత ఇనుము బ్రేక్ బ్లాకులు చక్రాన్ని రాసుకుని లేచే పొడి అది, అందుకే తుప్పు గోధుమ రంగు, నల్ల ప్లాస్టిక్ మీద ఈ ఒక్క రంగు పడితేనే మోడల్ బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఫ్రేమ్ డర్ట్ పేరుతో రెడీమేడ్ రంగు దొరుకుతుంది, లేదా తుప్పు రంగులో కాస్త నలుపు కలుపుకోండి. డీజిల్ పోసే మూత కింద మాత్రం తడి మరక కావాలి, నలుపు కలిపిన గ్లాసీ వార్నిష్‌తో రెండు మూడు సన్న గీతలు చాలు, చుట్టూ మ్యాట్ ఉంటుంది కాబట్టి అదొక్కటే మెరుస్తుంది.

చక్రాల ముఖానికి రంగు వేయొచ్చు గానీ పట్టా మీద ఆనే భాగానికి అంటకూడదు, అంటితే కరెంట్ తీసుకోదు. రంగు వేసేటప్పుడు తక్కువ వోల్టేజ్ సప్లై ఇచ్చి మెల్లగా తిప్పుతూ వేస్తే చుట్టూ సమానంగా పడుతుంది. అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డ పట్టా మీద పరిచి దాని మీద నడపండి.

చివరగా డబ్బాలో వచ్చే చిన్న పైపులు. బఫర్ బీమ్‌కి (ఇంజన్ చివర అడ్డంగా ఉండే దూలం) రెండు వైపులా అంటించాలని చేతులు పీకుతాయి, కానీ మలుపుల్లో కప్లింగ్ (కోచ్‌ని తగిలించే కొక్కెం) పక్కకి తిరిగి వాటికి తగిలి బండి పట్టా దిగుతుంది. కోచ్‌లు లాగే వైపు ఖాళీగా వదిలేసి, ముందు వైపు మాత్రమే పైపులన్నీ పెట్టండి.