నాటకం నడుస్తుండగా స్పీకర్లలో "మ్‌మ్‌" మోత: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

సమస్య: సంభాషణలు, సంగీతం నడుస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. పాత్ర మాట ఆపి మౌనంగా నిలబడగానే స్పీకర్లలోంచి సన్నటి మోత ఎడతెగకుండా వినిపిస్తుంది. ఆ మౌనం కోసం నటుడు నెలల తరబడి రిహార్సల్ చేసి ఉంటాడు. అది మన వైరు వల్ల పాడవకూడదు.

ముందుగా ఒకటి తేల్చుకోండి. "కుయ్" మని మొదలై క్షణాల్లో పెరిగిపోయేది ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దాన్ని మైకు మళ్లీ పట్టుకోవడం. వేలాడే మైకుల గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించి, స్పీకర్లను మైకుల వరస కంటే ముందుకు, ప్రేక్షకుల వైపు జరిపితే అది సర్దుకుంటుంది. పెరగకుండా, తగ్గకుండా ఒకే స్థాయిలో ఉండే మోత వేరు. అది కరెంటు నుంచి వచ్చేది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి మోత కూడా 50 దగ్గర, 100 దగ్గర ఉంటుంది.

అందరూ వదిలేసే పరీక్ష

మిక్సర్‌లో మాస్టర్ ఫేడర్ (మొత్తం శబ్దాన్ని ఎత్తి దించే జారుడు మీట) పూర్తిగా దించండి. అయినా మోత ఉంటే తప్పు మిక్సర్ తర్వాత ఉంది: యాంప్లిఫైయర్, లేదా అక్కడికి వెళ్లే కేబుల్. ఆగిపోతే మాస్టర్ మళ్లీ ఎత్తి, ఛానెళ్లను (ఒక్కో మైకు, ల్యాప్‌టాప్ మిక్సర్‌లోకి వచ్చే దారులను) ఒక్కొక్కటిగా మ్యూట్ చేస్తూ రండి. ఏది మ్యూట్ చేస్తే మోత ఆగిందో అదే దొంగ. నిమిషం కూడా పట్టదు. ఈ పని చేయకుండా మైకులన్నీ మార్చేవాళ్లను, హాలు ఎలక్ట్రీషియన్ మీద అరిచేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. దయచేసి ముందు ఇది చేయండి.

దొంగ మైకు ఛానెల్ అయితే కేబుల్ మార్చండి. చాలాసార్లు ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో (మైకు కేబుల్ చివర ఉండే మూడు పిన్నుల మూతిలో) ఒకటో పిన్ దగ్గర షీల్డ్ (లోపలి వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఊడి ఉంటుంది. చెడిపోయిందని గుర్తుగా ఆ కేబుల్‌కి ముడి వేసి పక్కన పడేయండి, సోల్డరింగ్ రేపు చేసుకోవచ్చు.

లైట్లు తగ్గిస్తూ పెంచుతున్నప్పుడు మోత గరగరలాడుతూ మారుతుంటే కారణం డిమ్మర్. మైకు కేబుళ్లను డిమ్మర్ లైన్ల పక్కనే పరచకండి. దాటించక తప్పనిచోట అడ్డంగా దాటించండి. సౌండుకీ లైట్లకీ వేర్వేరు ఫేజులు అడగండి.

అసలు మాయదారి: మ్యూజిక్ ల్యాప్‌టాప్

మ్యూట్ చేస్తే ఆగింది ల్యాప్‌టాప్ ఛానెల్ అనుకోండి. ఎవరైనా ముందు ఛార్జర్ పీకుతారు. మోత ఆగితే సరే, బ్యాటరీ మీద నడిపించండి. ఆగకపోతే "అయితే ల్యాప్‌టాప్‌ది తప్పు కాదు" అని వదిలేసి వేరేచోట వెతుకుతారు. తప్పుదారి పట్టేది ఇక్కడే.

ఇప్పుడు చాలా నాటకాల్లో వెనక తెర బదులు ఎల్‌ఈడీ వాల్ ఉంటోంది. సంగీతం వచ్చే ల్యాప్‌టాప్ నుంచే దానికి హెచ్‌డీఎంఐ కేబుల్ వెళ్తుంది. ఛార్జర్ తీసేసినా ఆ కేబుల్ షీల్డ్ ద్వారా ల్యాప్‌టాప్ వాల్ ప్రాసెసర్ (వాల్‌కి బొమ్మ అందించే పెట్టె) ఎర్త్‌కి కలిసే ఉంటుంది. వాల్‌కి కరెంటు స్టేజి వెనక జనరేటర్ నుంచి, మిక్సర్‌కి హాలు ప్లగ్గు నుంచి. ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా చాలు, కరెంటు మన ఆడియో వైరు షీల్డ్ మీదుగా పారుతుంది. హెడ్‌ఫోన్ పిన్ను నుంచి వచ్చే సన్నటి వైరులో షీల్డే సిగ్నల్‌కి తిరుగుదారి కాబట్టి మోత నేరుగా సంగీతంలో కలిసిపోతుంది.

రిహార్సల్లో ఇది బయటపడదు, అక్కడ వాల్ ఉండదు కదా. పోటీల్లో అయితే నాటకానికీ నాటకానికీ మధ్య హడావిడిలో వాల్ కేబుల్ చివర్లో పెడతారు. సౌండ్ చెక్ అప్పటికే అయిపోయి ఉంటుంది. దీని దెబ్బ నేను చాలాసార్లు తిన్నాను.

రూఢి చేసుకోవడానికి హెచ్‌డీఎంఐ ఒక్క క్షణం పీకండి. మోత టక్కున ఆగితే ఇదే.

పరిష్కారం: ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ బాక్స్, అంటే సిగ్నల్‌ని మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కి అనువుగా మార్చే చిన్న పెట్టె, పెట్టండి, స్టీరియో అయితే రెండు ఛానెళ్లది. గ్రౌండ్ లిఫ్ట్ (రెండు పక్కల షీల్డ్‌లను విడదీసే) స్విచ్ నొక్కండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ సిగ్నల్‌ని అయస్కాంతం ద్వారా దాటిస్తుంది, రెండు పక్కల మధ్య వైరు సంబంధం ఉండదు. మిక్సర్ మైకు కేబుల్ ద్వారానే పంపే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు మీద నడిచే యాక్టివ్ రకాలు చాలావాటిలో ఈ విడదీత ఉండదు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

బాక్స్ దొరకలేదా? వాల్ ప్రాసెసర్‌నీ మిక్సర్‌నీ ఒకే జంక్షన్ బాక్స్ నుంచి నడపండి, చాలాసార్లు ఆగుతుంది. వాల్ మీద కదలని బొమ్మలే ఉంటే సంగీతానికి వేరే ల్యాప్‌టాప్ పెట్టి బ్యాటరీ మీద నడపండి. బ్లూటూత్ మాత్రం వద్దు. నటుడు తుపాకి పేల్చాక చప్పుడు ఆలస్యంగా వస్తే సీనంతా పోతుంది. షో మొదలయ్యాక మోత తెలిస్తే, సంగీతం లేనప్పుడల్లా ఆ ఫేడర్ కిందే ఉంచమని మ్యూజిక్ ఆపరేటర్‌కి చెప్పండి. ఆ పూట గడుస్తుంది.

ఎర్త్ పిన్ను విరవకండి

మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే మోత ఆగుతుంది, నిజమే. అదే పరికరంలో లీకేజీ వస్తే 230 వోల్టులు దాని లోహపు ఒంటి మీదే నిలబడతాయి. చెమట చేతులతో మైకు పట్టుకునేది నటుడు, చీకట్లో చెప్పుల్లేకుండా వైర్ల మధ్య తిరిగేది తెర వెనక కుర్రాళ్లు. విరిచిన ప్లగ్గు కనిపిస్తే అప్పటికప్పుడే మార్పించండి.

మిగతావి అరుదు. సెల్‌ఫోన్ మిక్సర్ పక్కన ఉంటే "టిక్‌టిక్" మంటుంది, జరపండి. మైకు యాంప్లిఫైయర్‌కి ఆనుకుని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మోత ఎత్తుకుంటుంది, దూరం పెట్టండి.

ఇక సౌండ్ చెక్: వాల్ వెలిగించి, లైట్లన్నీ సగానికి పెట్టి, జనరేటర్ నడుస్తుండగా చేయండి. పాట వేయక్కర్లేదు. ఫేడర్లన్నీ షో స్థాయికి ఎత్తి, అందరినీ అరనిమిషం మాట్లాడవద్దని చెప్పి, హాలు చివరి వరసలో నిలబడి వినండి.