మింగలేని మనిషికి మందు – ఐదో పాఠం: చెంప దారి, చర్మం దారి

పోయిన పాఠంలో, మాట పోయిన మనిషి నొప్పిని మొహంలో ఎలా చదవాలో చూశాం. నుదురు ముడిపడటం, పక్కకు తిప్పినప్పుడు మూలుగు, దుప్పటి పీకడం. ఒక రోజంతా టైమ్ వేసి అవి రాయమన్నాను కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో దానితో పని ఉంది.

నొప్పి తెలిసింది, మాత్ర కూడా ఇంట్లోనే ఉంది. మింగుడు పడటం లేదు, అంతే. ఇక్కడ ఇళ్లల్లో రెండు తప్పులు చూస్తుంటాను. ఒకటి, మాత్ర నూరి నీళ్లలో కలిపి ఉగ్గుగిన్నెతో పోసేయడం. పసిపిల్లకు మింగే శక్తి ఉంటుంది, ఈ మనిషికి లేదు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండోది, "ఇంక మందులెందుకు, ప్రశాంతంగా పోనిద్దాం" అని అన్నీ ఆపేయడం. ప్రేమతోనే అంటారు. కానీ నెలల తరబడి బలమైన నొప్పి మందైన మార్ఫిన్‌కు అలవాటు పడిన ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే నొప్పి తిరగబెడుతుంది, దానితో పాటు చెమటలు, వణుకు, కుదురులేనితనం. ఆ ప్రశాంతత రాదు. ఆపాల్సింది నోటిదారిని, మందుని కాదు.

దారి మార్చే సమయం ముందే తెలుస్తుంది. గుక్క గుక్కకీ దగ్గు వస్తుంది. నీళ్లు తాగాక గొంతు తడితడిగా పలుకుతుంది. పొద్దున వేసిన మాత్ర మధ్యాహ్నం పళ్లు తుడిచేటప్పుడు బుగ్గలో దొరుకుతుంది. వీటిలో ఒక్కటి కనిపించినా అదే రోజు మీ పాలియేటివ్ నర్సుకు (నయం కాని జబ్బులో బాధ తగ్గించే నర్సుకు) ఫోన్ చేయండి. మింగడం ఆగిపోయేది ఎప్పుడూ ఆదివారం రాత్రే అని నర్సులం మాలో మేం నవ్వుకుంటాం. నిజానికి గుర్తులు శుక్రవారమే కనబడి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. తెలంగాణలో ఆలన (ప్రభుత్వ పాలియేటివ్ సేవ) బండి వచ్చే ఊళ్లలోనైతే వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ఫోన్ చేసేటప్పుడు మందుల సంచి మొత్తం ముందు పెట్టుకుని ఒక్కో పేరు చదవండి. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, విటమిన్లు చాలావరకు డాక్టరే తీసేస్తారు. నొప్పి, ఆయాసం, వాంతి, ఆందోళన, గొంతులో గురగుర, వీటి మందులు మిగులుతాయి. ఫిట్స్ మందు, స్టెరాయిడ్ ఉంటే మాత్రం గట్టిగా గుర్తుచేయండి. వాటిని అడగకుండా ఆపకూడదు.

కల్వం చేతిలోకి తీసుకునే ముందు మాత్ర పేరు పక్కన ఎస్.ఆర్. అని ఉందేమో చూడండి. అంటే పన్నెండు గంటలపాటు కొంచెం కొంచెంగా కరిగే మాత్ర. దాన్ని నూరితే పన్నెండు గంటల మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకీ ఇదే నియమం. ఇక, మందు కోసమని చివరి రోజుల్లో కొత్తగా ముక్కు గొట్టం వేయించడం నాకు ఇష్టం ఉండదు. చేతులు కట్టేయాల్సి వచ్చిన ఇళ్లు చూశాను.

చెంప దారి

చెంపకీ చిగుళ్లకీ మధ్య ఒక సంచిలాంటి చోటు ఉంటుంది. మన పని అక్కడే. మామూలు మార్ఫిన్ 10 మి.గ్రా. మాత్రను మెత్తగా పొడి చేసి 1 మి.లీ. నీళ్లలో కలపండి. సూది లేని 1 మి.లీ. సిరంజిలోకి లాగండి. సూది తీసేశారా అని రెండుసార్లు చూసుకోండి. గిన్నెలో పొడి అంటుకుని ఉంటే ఇంకో రెండు చుక్కలతో కడిగి అదీ లాగండి. గిన్నెలో మిగిలింది కూడా డోసే.

తల వైపు దిండ్లు పెట్టి కొంచెం లేపండి. మొహం ఒక పక్కకు వాలాలి, వెల్లకిలా అసలొద్దు. నోరు ఎండిపోయి ఉంటే ముందు తడి గుడ్డతో తుడవండి. ఎండిన నోట్లోంచి మందు సరిగా లోపలికి పోదు. "నాన్నా, నొప్పి మందు పెడుతున్నా" అని చెప్పండి. స్పృహ లేదనిపించినా చెప్పండి. సిరంజి కొసను పెదవి మూలనుంచి చెంపలోకి జరిపి చుక్క చుక్కగా వదలండి. ఒక చెంపలో అర మి.లీ. దాటొద్దు. మిగతా సగం కాసేపాగి రెండో పక్క. గొంతు వైపు చిమ్మకండి. దగ్గు వస్తే ఆపేయండి. నోటిలోంచి కారిపోతే ఇంకో డోసు ఇవ్వకండి, ఎంత కారిందో రాసి ఫోన్ చేయండి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మార్ఫిన్ నీళ్లలో కరిగే మందు, చెంప చర్మం దాన్ని పెద్దగా పీల్చుకోదు. ఎక్కువ భాగం మెల్లగా లాలాజలంతో గొంతులోకి జారాకే పని చేస్తుంది. అందుకే నొప్పి తగ్గడానికి అరగంట, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, చుక్క కూడా మింగలేని మనిషికి ఈ దారి చాలదు. ఆందోళన తగ్గించే లోరాజెపామ్ లాంటివి ఇంతకంటే నయం. మాత్రను ఒక చుక్క నీటితో పేస్టులా చేసి చెంపలో రాస్తే చాలు. ఫిట్స్‌కైతే మిడజోలామ్ ముక్కు స్ప్రే ఉంది. డాక్టర్ రాస్తే ముందే తెచ్చి పెట్టుకోండి.

నోట్లో పోసే మాట వచ్చింది కాబట్టి తులసి తీర్థం సంగతి. తీర్థం వద్దని నేను ఏ ఇంట్లోనూ అనను. కానీ ఉద్ధరిణితో నోట్లో పోస్తే పొలమారుతుంది. తులసాకును తీర్థంలో ముంచి పెదవులకు, నాలుక కొసకు తాకించమంటాను. ఇప్పటిదాకా ఏ పెద్దాయనా కాదనలేదు.

చర్మం దారి

చెంప దారి చాలనప్పుడు చర్మం కిందికి వెళ్తాం. నరం వెతకక్కర్లేదు. సన్నని బటర్‌ఫ్లై సూదిని నర్సు జబ్బ మీదో, కాలర్ ఎముక కిందో, పొట్ట మీదో, తొడ మీదో చర్మం కింద పెట్టి, లోపలి చర్మం కనిపించే పారదర్శక ప్లాస్టర్ వేస్తుంది. నీరు పట్టి ఉబ్బిన చోటు, రేడియేషన్ పడిన చోటు వద్దు. ఆ తర్వాత గుచ్చడం ఉండదు, గొట్టం మూతి దగ్గరే మందు. విదేశాల్లో దీనికి బ్యాటరీతో నడిచే సిరంజి పంపు తగిలిస్తారు. మన దగ్గర చాలా ఇళ్లల్లో నాలుగు గంటలకోసారి చేత్తోనే ఇస్తాం, ఇంటివాళ్లకూ నేర్పుతాం.

మార్ఫిన్, మిడజోలామ్, వాంతికి హాలోపెరిడాల్, గురగురకు గ్లైకోపైరోలేట్ ఈ దారిలో ఇవ్వొచ్చు. డయజెపామ్, క్లోర్‌ప్రోమజీన్ ఎప్పుడూ ఇవ్వకూడదు, చర్మాన్ని పాడుచేస్తాయి. ఒకసారికి 2 మి.లీ. మించొద్దు, మెల్లగా నొక్కాలి. మందు అయ్యాక అర మి.లీ. సెలైన్‌తో తోయండి, లేకపోతే గొట్టంలో మిగిలిన మందు తర్వాతి డోసుదాకా అక్కడే కూర్చుంటుంది. ప్రతిసారీ ఆ చోటు చూడండి. ఎర్రబడినా, గట్టిపడినా, రక్తం కనిపించినా చోటు మార్చాలి.

ఇప్పుడు లెక్క. డోసు నిర్ణయించేది డాక్టరే, కానీ సిరంజి పట్టుకునేది మీరు, కాబట్టి లెక్క మీకూ రావాలి. నోటి మార్ఫిన్‌లో కొంత భాగాన్ని కాలేయం ముందే ఖర్చు చేసేస్తుంది. చర్మం దారిలో ఆ నష్టం లేదు, అందుకే డోసు సగానికో, మూడో వంతుకో తగ్గుతుంది. నాలుగు గంటలకోసారి 10 మి.గ్రా. మింగే మనిషికి రోజుకు 60. డాక్టర్ సగం అన్నారనుకుందాం, 30. ఆరు డోసులుగా పంచితే ఒక్కోటి 5 మి.గ్రా. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇచ్చే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే అదీ 5.

మన దగ్గర మార్ఫిన్ ఆంపూల్ (సూదిమందు ఉండే చిన్న గాజు సీసా) రెండు రకాలు దొరుకుతుంది: మి.లీ.కి 10 మి.గ్రా. ఉన్నది, 15 ఉన్నది. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. 5 మి.గ్రా. కావాలంటే మొదటిదాంట్లో 0.5 మి.లీ., రెండోదాంట్లో 0.33. కొత్తలో నేను 15 ఆంపూల్‌లోంచి అర మి.లీ. లాగేశాను, అంటే ఏడున్నర. పక్కనున్న సీనియర్ సిస్టర్ "గట్టిగా చదువు" అంది. చదివాను, చెయ్యి వణికింది. అప్పటినుంచి ఆంపూల్ మీద అంకెను పైకి చదవకుండా మెడ విరవను. మీరూ ఇంట్లో ఇంకొకరికి వినబడేలా చదవండి. ఖాళీ ఆంపూల్ పారేయకండి. 2014లో మత్తుమందుల చట్టం సడలినా ఈ మందుకు లెక్క చెప్పాల్సిందే. మిగిలినవి తాళంలో పెట్టి తర్వాత మందు ఇచ్చిన పాలియేటివ్ కేంద్రానికి తిరిగివ్వాలి.

చర్మం మీద అంటించే నొప్పి మందు, ఫెంటనిల్ ప్యాచ్ గురించి రెండు మాటలు. ముందునుంచి ఉంటే ఉంచండి, దాని మీద వేడి కాపడం పెట్టకండి. కొత్తగా వేస్తే పట్టుకోవడానికి పన్నెండు గంటలు పైనే, కాబట్టి ఈ రాత్రి నొప్పికి అది పనికిరాదు.

ఇచ్చిన ప్రతిసారీ టైమ్, మందు, మి.గ్రా., దారి రాయండి. అరగంట తర్వాత నుదురు విప్పారిందా లేదా అదీ రాయండి. నొప్పి రాసిన కాగితం పక్కనే ఈ కాగితం. ఈ రాతలు ఇంకోదానికీ పనికొస్తాయి. "ఆ సూది వేశాకే పోయాడు" అని తర్వాత ఎవరో ఒకరు అంటారు. నాలుగు గంటలకోసారి ఇచ్చే మందులో ఏదో ఒక డోసు చివరిది అవ్వక తప్పదు. అదే డోసు ముందు రోజు ఆరుసార్లు పడిందనీ, ప్రతిసారీ మనిషి కాస్త కుదుటపడ్డాడనీ మీ కాగితం చూపిస్తుంది. సూది పెట్టకముందే కుటుంబాన్ని కూర్చోబెట్టి ఈ మాట చెప్పేయండి. మీరు చెప్పలేకపోతే నర్సుతో చెప్పించండి.

ఈ వారం పని. దిండుకు ఆనుకుని పడుకుని, ఇంట్లో ఒకరిచేత మీ చెంపలో 1 మి.లీ. మంచినీళ్లు సిరంజితో పెట్టించుకోండి. ఒకసారి గబగబా, ఒకసారి చుక్క చుక్కగా. తేడా రాసుకోండి. ఇంకా ఒక లెక్క: నాలుగు గంటలకోసారి 30 మి.గ్రా. నోటి మార్ఫిన్ తీసుకునే మనిషికి డాక్టర్ చర్మం దారిలో మూడో వంతు రాశారు. మీ చేతిలో 15 ఆంపూల్ ఉంది. సిరంజిలోకి ఎంత లాగుతారు? జవాబు ఆరో పాఠం మొదట్లో. ఆ పాఠంలో గొంతు గురగుర, ఎందుకూ పనికిరాని సక్షన్ మిషన్, నోట్లో వేసే కంటి చుక్కల సంగతి.