ఫైర్‌ప్లేస్ ఉంది కదా అని వెలిగించేయకండి: బే ఏరియాకు కొత్తగా వచ్చినవారికి

కాలిఫోర్నియాలో శాన్ హోజే, ఫ్రీమాంట్ వైపు అద్దెకు దొరికే పాత ఇళ్లలో చాలాచోట్ల హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంటుంది. మేమైతే సగం దాన్ని చూసే ఇల్లు తీసుకున్నాం. డిసెంబర్‌లో చలి ముదిరాక సూపర్‌మార్కెట్ నుంచి ఒక ఫైర్‌లాగ్ (ఫైర్‌ప్లేస్‌లో కాల్చడానికి అమ్మే దుంగ) తెచ్చి వెలిగించాం. కొన్నాళ్లకు పోస్టులో ఉత్తరం వచ్చింది. ఆ రోజు కట్టెలు కాల్చడం నిషేధమట, మా చిమ్నీలోంచి పొగ రావడం చూశారట. మొదట ఏదో స్కామ్ అనుకున్నాం. కాదు, నిజమే. దుకాణంలో అమ్ముతున్నారంటే ఎప్పుడైనా కాల్చుకోవచ్చు అనుకోవడం మా పొరపాటు.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న తొమ్మిది కౌంటీల్లో (సొలానో, సొనోమాల్లో కొంత భాగమే) గాలి బాగోగులు చూసేది బే ఏరియా ఎయిర్ డిస్ట్రిక్ట్. గాలిలో సన్నని కణాలు బాగా పెరుగుతాయని అంచనా వేస్తే 'స్పేర్ ది ఎయిర్' అలర్ట్ ఇస్తుంది. ఆ రోజు కట్టెలు, ఫైర్‌లాగ్‌లు, పెల్లెట్లు (చెక్కపొడిని నొక్కి చేసిన గుళికలు), ఏవీ కాల్చకూడదు. ఇంట్లోనే కాదు, పెరట్లో ఫైర్ పిట్‌లో (చలిమంట కుంపటిలో) కూడా. 2008లో ఈ రూల్ పెట్టినప్పుడు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే ఉండేది, 2019 నుంచి ఏడాది పొడవునా అమలవుతోంది. మొదటిసారి దొరికితే 100 డాలర్ల జరిమానా కట్టాలి, లేదా కట్టెల పొగ గురించి ఒక చిన్న కోర్సు చేయాలి. మేం కోర్సే చేశాం. రెండోసారి అయితే 500 డాలర్లు.

గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కీ, ప్రొపేన్ ఫైర్ పిట్‌కీ ఈ నిషేధం లేదు. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో ముందు ఓనర్‌ని అడగండి.

ఒక్క దుంగ కాలిస్తే ఇంత రాద్ధాంతమా అని అప్పట్లో నాకూ విసుగొచ్చింది. సంగతేమిటంటే, చలికాలంలో ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రి, నేల దగ్గరి గాలి బాగా చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. చిమ్నీల్లోంచి వచ్చిన పొగ పైకి పోలేక వీధుల్లోనే తచ్చాడుతుంది. మనకు చలిమంట వేసుకోవాలని బుద్ధి పుట్టేది కూడా సరిగ్గా అలాంటి రాత్రే! ఆ పొగలో 2.5 మైక్రాన్ల కంటే చిన్న కణాలుంటాయి. అవి తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. తలుపులు, కిటికీలు మూసినా పక్కింట్లోకి దూరతాయి, ఊపిరితిత్తుల లోలోపలికి పోతాయి. ఆ ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లాడుంటే వాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

అందుకని అగ్గిపుల్ల గీసే ముందు స్పేర్ ది ఎయిర్ సైట్ చూడండి. ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా పెట్టుకుంటే ఇంకా మేలు. యాప్‌లో ఇప్పుడు గాలి ఆకుపచ్చగా, అంటే బాగున్నట్టు, కనిపిస్తోంది కదా అని ధైర్యం చేయకండి. అలర్ట్ ఇచ్చేది అంచనాను బట్టి.

అలర్ట్ లేని రోజున కూడా చిమ్నీ గుప్పుగుప్పున పొగ కక్కితే తప్పే. పచ్చి కట్టెలు పనికిరావు, తేమ 20 శాతం లోపే ఉండాలి. చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క, సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన దుంగలు ఎప్పుడూ కాల్చకూడదు. ఇల్లు మారేటప్పుడు విరిగిన ఫర్నిచర్ ముక్కల్ని, పార్టికల్ బోర్డుని (చెక్కపొట్టును జిగురుతో అతికించి చేసిన పలకని) 'ఎలాగూ పారేసేదే కదా' అని మంటలో వేయబోయేవాళ్లని నేను చూశాను. అందులోని జిగురు కాలితే వచ్చే పొగ మామూలు కట్టె పొగకన్నా చెడ్డది. పెరట్లో రాలిన ఆకులు తగలబెట్టడం కూడా కుదరదు, వాటికి వేరే బిన్ ఉంటుంది.

హీటర్ పాడైతే 'ఫైర్‌ప్లేస్ ఉందిగా, సర్దుకోండి' అని ఓనర్ అంటే ఊరుకోవద్దు. గ్యాస్ సరఫరా ఉన్న ప్రాంతాల్లో, కట్టెలతో పనిలేని హీటింగ్ ప్రతి అద్దె ఇంట్లోనూ ఉండి తీరాలి. 2018 నవంబర్ 1 నుంచి ఇదే రూల్. కరెంటు పోయినప్పుడు మాత్రం అలర్ట్ రోజు కట్టెలు కాల్చడంపై నిషేధానికి కొంత మినహాయింపు ఉంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. చెక్క బాల్కనీలో బొగ్గుల గ్రిల్ పెట్టకూడదు, నిప్పంటుకునే రకం గోడకు 10 అడుగుల లోపలా పెట్టకూడదు. ఇది గాలి రూల్ కాదు, ఫైర్ కోడ్. కాంప్లెక్స్ వాళ్ల నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, లీజు చదవండి.

ఎండాకాలం కథ వేరు. అప్పుడు అడవులు తగలబడి ఆ పొగ ఊళ్ల మీదికి వస్తుంది. 2020లో ఆగస్టు నుంచి సెప్టెంబర్ దాకా వరసగా 30 రోజులు అలర్ట్ నడిచింది. సెప్టెంబర్ 9న పగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగి, మధ్యాహ్నం లైట్లు వేసుకున్నాం.

ఇంతా విన్నాక కూడా చలిమంట మీద మోజు తీరకపోతే శాన్ ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్‌కి వెళ్లండి. అక్కడ మార్చి నుంచి అక్టోబర్ దాకా, మంట కోసం అక్కడ పెట్టిన రింగుల్లో మాత్రమే, మంట వేసుకోనిస్తారు. అలర్ట్ రోజున అక్కడా కుదరదు. రాత్రి 9:30కల్లా ఆర్పేయాలి. వెంట బకెట్ తీసుకెళ్లండి, నిప్పు మీద నీళ్లే పోయాలి. ఇసుక కప్పితే లోపల నిప్పు కణకణలాడుతూనే ఉంటుంది, పొద్దున ఒట్టి కాళ్లతో వచ్చే పిల్లలకు అది కనబడదు.