పాత ఎల్పీ రికార్డు మీద జాజ్ ఫ్లూట్ వినాలంటే ఎలా?

ఫ్లూట్ వాయించే హ్యూబర్ట్ లాస్ తొలి ఆల్బమ్ 'ద లాస్ ఆఫ్ జాజ్'ను 1964లో అట్లాంటిక్ కంపెనీ తెచ్చింది. ఆయన టెక్సస్‌లో పుట్టి, న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత కళాశాలలో ఫ్లూట్ నేర్చుకున్నాడు. పియానో మీద చిక్ కొరియా, అప్పటికింకా పెద్దగా పేరు రాని కుర్రాడు. ఇలాంటి పాత రికార్డు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు కాస్త జాగ్రత్తపడాలి. డ్రమ్స్ మోతలో కలిసిపోయే లోపాలు ఫ్లూట్ దగ్గర ఇట్టే బయటపడతాయి.

ముందు రికార్డును లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి. వెంట్రుకంత గీతలకి భయపడక్కర్లేదు. గోరుకి తగిలేంత లోతు గీత ఉంటే మాత్రం చుట్టుచుట్టుకీ టిక్కుమంటుంది.

తర్వాత షాపువాళ్లనే రికార్డుని ప్లేయర్ మీద తిప్పి చూపించమనండి. ఇది చాలామంది వదిలేసే పని. ముల్లు ఉన్న చెయ్యి కొంచెం ఊగడం మామూలే. కుడికీ ఎడమకీ బాగా ఊగుతుంటే నడిమి చిల్లు పక్కకి పడిందన్నమాట. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. ఫ్లూట్ ఒక స్వరాన్ని పట్టి నిలిపినప్పుడల్లా అదే లెక్కన శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. కడిగితే పోయే జబ్బు కాదది, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి.

ఇంటికి తెచ్చాక డిస్టిల్డ్ వాటర్, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని గాడుల వెంటే గుండ్రంగా తుడవండి. మధ్యనున్న లేబుల్ తడవకూడదు. నీడలో ఆరనివ్వండి. ముల్లుని వెనకనుంచి ముందుకే బ్రష్ చేయాలి. అది రికార్డు మీద మోపే బరువు కార్ట్‌రిడ్జ్ (ముల్లుని పట్టి ఉంచే చిన్న భాగం) కంపెనీ చెప్పినంతే పెట్టండి, ఎక్కువ రకాలకి 1.5 నుంచి 2 గ్రాముల దాకా ఉంటుంది.

ఇక వినడం. మొదట్లో నేను ఫ్లూట్ వెనక 'ఉష్' మని వినిపిస్తే దుమ్మనుకుని ఒక రికార్డుని మూడుసార్లు కడిగాను. తీరా చూస్తే అది వాయించేవాడి ఊపిరి! తేడా పట్టడం తేలికే: ఊపిరి స్వరంతోపాటే వచ్చి స్వరంతోపాటే ఆగుతుంది, దుమ్ము పాటల మధ్య ఖాళీలోనూ చిటపటలాడుతుంది.

ఒక్కో వైపు చివరి పాటలో పైస్థాయి స్వరాలు కొంచెం గరగరలాడితే కంగారుపడకండి. లోపలి గాడుల్లో ముల్లు కింద రికార్డు కదిలే వేగం బయటి అంచుతో పోలిస్తే సగం కూడా ఉండదు. ముందు ముల్లు శుభ్రం చేసి, బరువు మళ్లీ చూసుకోండి. అప్పటికీ తగ్గకపోతే ఆ గాడి అరిగిపోయిందనుకోవాలి.