కార్డ్‌లెస్ ఫోన్‌లో బ్యాంకు సంగతులు మాట్లాడుతున్నారా? ముందు బేస్ తిరగేసి చూడండి

మా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎవరింటి ముందు గరాజ్ సేల్ పెట్టినా పాత కార్డ్‌లెస్ ఫోన్ ఒకటైనా ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల కోసమని మనవాళ్లు కొనుక్కెళ్తుంటారు. కొనేముందు బేస్‌ను, అంటే ఫోన్ లైన్‌కు కలిపి ఉంచే పెట్టెను, తిరగేసి అడుగునున్న లేబుల్ చదవండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఇవాళే చూడండి.

43 నుంచి 50 మెగాహెర్ట్జ్ మధ్య అంకె కనిపిస్తే ఆ ఫోన్ ఇక వద్దు. అది మన మాటల్ని ఉన్నవున్నట్టు గాల్లోకి వదిలేస్తుంది. మామూలు రేడియో స్కానర్ (గాల్లోని రకరకాల రేడియో సిగ్నల్స్ వెతికి వినిపించే పరికరం) ఉన్న పొరుగింటివాళ్లు వినేయొచ్చు. చాలావాటిలో బేస్ సిగ్నల్ పట్టుకుంటే చాలు, అటువాళ్ల మాటా ఇటువాళ్ల మాటా రెండూ వినబడతాయి. మీరు కార్డు నంబరు నొక్కితే వచ్చే బీప్‌లను రికార్డు చేసి అంకెలు కూడా తేల్చుకోవచ్చు. దాన్ని ఇంకొకరికి ఇవ్వకండి, ఈ-వేస్ట్‌లో వేసేయండి. పాత 49 మెగాహెర్ట్జ్ బేబీ మానిటర్లకూ ఇదే మాట.

900 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ అని ఉంటే అంకె పెద్దదని నమ్మకండి. వాటిలో అనలాగ్‌వీ, అంటే మాటను అంకెలుగా మార్చకుండా అలాగే పంపేవీ, ఉన్నాయి. 'డిజిటల్ స్ప్రెడ్ స్పెక్ట్రమ్' అని రాసి ఉంటే మామూలు స్కానర్‌కు దొరకదు. ఆ మాట లేకపోతే అనలాగే అనుకోండి.

ఇప్పుడు కొనాలంటే డెక్ట్ 6.0 (DECT 6.0 అని రాసి ఉండే డిజిటల్ కార్డ్‌లెస్ రకం) కొనండి. అయితే ఆ పేరు చూసి ఊరుకోవద్దు. 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సభలో కొందరు పరిశోధకులు, ల్యాప్‌టాప్‌లో పెట్టే చౌక కార్డుతో డెక్ట్ కాల్స్ వినొచ్చని చూపించారు. డెక్ట్‌లో ఎన్‌క్రిప్షన్ (మాటను ఇతరులకు అర్థంకాని సంకేతంగా మార్చడం) ఏర్పాటు ఉన్నా చాలా ఫోన్లు దాన్ని వాడనే లేదు! అందుకే మాన్యువల్‌లో 'ఎన్‌క్రిప్షన్' అన్న మాట వెతకండి. సెట్టింగ్స్‌లో ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూడండి. గిగాసెట్ కంపెనీ ఫోన్లలో కొన్ని మోడళ్లలో రిపీటర్ (సిగ్నల్‌ను ఇంకా దూరం చేర్చే పరికరం) వాడాలంటే ఎన్‌క్రిప్షన్ ఆపాల్సి వస్తుంది. రిపీటర్ లేకుండా సరిపెట్టుకోవడమే నయం. బేస్ పిన్ చాలావరకు 0000 అనే వస్తుంది, మార్చేయండి.

ఈ రక్షణంతా చేతిలోని ఫోన్‌కూ బేస్‌కూ మధ్యే. అక్కణ్నుంచి లైన్‌లో వెళ్లే మాటకు దీనితో సంబంధం లేదు.

మా అత్తగారు నరసరావుపేట బ్యాంకుకు ఫోన్ చేస్తే ఖాతా నంబరు, పుట్టిన తేదీ అన్నీ గట్టిగా చదివి చెబుతారు. ఆ కాల్స్ కోసం వంటింటి గోడకు వైరున్న ఫోన్ బిగించాం. ఆవిడకు దాని బటన్లే బాగా కనబడుతున్నాయట.