పోయిన బడి స్నేహితుడి జ్ఞాపకాలను పుస్తకంగా కూర్చడం ఎలా

చిన్ననాటి స్నేహితుడు పోయాడన్న కబురు రాగానే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. వారం తిరిగేసరికి అంతా సద్దుమణుగుతుంది. అసలు పని అప్పుడే మొదలవ్వాలి. భార్యకూ పిల్లలకూ తెలిసింది పెద్దవాడయ్యాక ఉన్న మనిషే. పన్నెండేళ్ళప్పుడు అతనెలా ఉండేవాడో పక్క బెంచీవాళ్ళకే తెలుసు. ఆ ఏళ్ళను ఓ చిన్న పుస్తకంగా చేసి ఇంటివాళ్ళకు ఇవ్వాలంటే నలుగురు పూనుకుంటే చాలు.

ముందు అతని గొంతును కాపాడండి. ఫోన్ మార్చినప్పుడో, స్టోరేజ్ నిండిందని ఖాళీ చేసినప్పుడో పాత వాయిస్ మెసేజ్‌లు పోతాయి. వాట్సాప్‌లో చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసినా బాగా పాతవి అందులోకి రాకపోవచ్చు. అందుకని అతని వాయిస్ మెసేజ్‌లను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి, షేర్ చేసి, రెండు వేర్వేరు చోట్ల దాచండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తొలగిపోతుంది, కాబట్టి ప్రొఫైల్ ఫోటో కావాలంటే ఇప్పుడే తీసిపెట్టుకోండి. ఫేస్‌బుక్ ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని మాత్రం మీరే అభ్యర్థన పెట్టకండి. మారాక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు. ఆ నిర్ణయం ఇంటివాళ్ళది.

తర్వాత ఫోటోలు. క్లాసు గ్రూప్ ఫోటోను ఫ్రేమ్‌లోంచి తీసి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయించండి. అందులో ముఖం సెంటీమీటరే ఉన్నా 236 పిక్సెళ్ళు వస్తాయి, 300 డీపీఐలో అచ్చువేస్తే రెండు సెంటీమీటర్ల ముఖం స్పష్టంగా వస్తుంది. అంతకన్నా పెద్దది చేయాలని ఫోటోను మెరుగుపరిచే యాప్‌ల జోలికి పోకండి. అవి ఫోటోలో లేని కళ్ళూ ముక్కూ కల్పించి అతికిస్తాయి. కన్నతల్లి గుర్తుపట్టని ముఖం ఎంత నున్నగా ఉంటే ఏం లాభం? ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకుండా అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు ఆల్బమ్‌లో ఇరుక్కుంటే పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని కిందుగా దూర్చి, మెల్లగా అటూ ఇటూ లాగండి. పేర్లు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ ఒత్తు ముందువైపు తేలుతుంది. స్కాన్ చేసిన ఫైళ్ళను వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమని అందరికీ చెప్పండి.

అన్నిటికన్నా కష్టం జ్ఞాపకాలు రాబట్టడం. గ్రూపులో అడిగితే మొదటివాడు చెప్పిందే మిగతావాళ్ళూ తిప్పి చెబుతారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి, ఇరవై నిమిషాలు చాలు, అనుమతి అడిగి రికార్డు చేయండి. ‘అతను ఎలాంటివాడు?’ అంటే ‘చాలా మంచివాడు’ అన్న జవాబే వస్తుంది, దాంతో పేజీ నిండదు. ఏ బెంచీలో కూర్చునేవాడు, పక్కన ఎవరు? సంచిలో ఏముండేది? మారుపేరు ఎవరు పెట్టారు? దేనికి భయపడేవాడు? నవ్వు ఆపుకోలేకపోతే ఏం చేసేవాడు? ఇలా అడిగితే మనిషి కళ్ళకు కడతాడు. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే తీర్పు చెప్పకండి, రెండూ పేర్లతో వేయండి. ఒక్కొక్కరిదీ 150 నుంచి 200 మాటల్లో, వాళ్ళ మాటతీరులోనే ఉంచండి.

ఇంటివాళ్ళతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. నలుగురూ నాలుగుసార్లు అదే అడిగితే వాళ్ళకు నరకం. మొదటి వారాల్లో అసలేమీ అడగవద్దు. చిత్తుప్రతిని మాత్రం అచ్చుకు ముందు తప్పక చూపించాలి. వాళ్ళు వద్దన్న వాక్యాన్ని వాదించకుండా తీసేయండి. నొప్పించే మారుపేర్లు, అప్పటి ప్రేమలు, ఇంట్లో తిన్న దెబ్బలు ముందే పక్కన పెట్టండి. ఎలా పోయాడన్నది వాళ్ళు కోరితే తప్ప ఇందులో రాకూడదు.

అచ్చుకు ఏ4 కాగితాన్ని మధ్యకు మడిచి పిన్నులు కొట్టే పద్ధతి సరిపోతుంది. పేజీల లెక్క నాలుగుతో భాగించబడాలి: 32 పేజీలకు ఎనిమిది కాగితాలు. 48 దాటితే మడత ఉబ్బి లోపలి పేజీలు బయటికి పొడుచుకొస్తాయి. యూనికోడ్ ఫాంటులో, 12 పాయింట్లలో పెట్టి, ఫాంటును ఫైల్లోనే పొదిగిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్‌నే ప్రెస్సుకు ఇవ్వండి. లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. ఆలస్యంగా గుర్తొచ్చేవాటికి చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి.

పుస్తకాన్ని ఎవరో ఒకరు స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి. గొంతు రికార్డులున్న పెన్‌డ్రైవ్‌ను అందులో పెట్టకండి. విడి కవరులో, పైన ‘ఇందులో ఆయన గొంతు ఉంది’ అని రాసి ఇవ్వండి. సిద్ధపడిన రోజున వాళ్ళే తెరుచుకుంటారు.